మేపుల్ పాకంలో ఇసుక ఎక్కడిది?

బెల్లం కరిగించి గుడ్డలో వడగట్టడం మీరు చూసే ఉంటారు. అక్కడ చిక్కే మట్టీ, నలుసులూ ముందునుంచీ బెల్లంలో ఉన్నవే. కెనడాలోని క్యుబెక్‌లో, అమెరికాలోని వెర్మాంట్‌లో మేపుల్ చెట్ల రసంతో పాకం కాచేవారి చిక్కు వేరు. చెట్టునుంచి దిగిన రసం నీళ్లలా తేటగా ఉంటుంది. ఇసుక పుట్టేది కాచేటప్పుడే!

రసంలో పంచదార సుమారు 2 శాతమే. 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది. నీరు ఆవిరైనకొద్దీ రసంలోని కాల్షియం, మాలిక్ ఆమ్లం కలిసి కాల్షియం మాలేట్ అనే లవణంగా విడిపోతాయి. దీనినే అక్కడివారు 'చక్కెర ఇసుక' అంటారు. తింటే హాని లేదు గాని, పాకం మసకబారి నాలుకకు గరగరలాడుతుంది. అలాంటి సరుకుకు మంచి ధర రాదు.

అందుచేత పాకం తయారయ్యాకే, వేడివేడిగా వడగట్టాలి. చల్లారితే చిక్కబడి కిందికి దిగదు. పెరట్లో నాలుగైదు చెట్లున్నవారికి శంఖువు ఆకారపు దళసరి ఫెల్టు సంచి చాలు. దానిలో కాగితంలాంటి పల్చని పొరలు రెండు మూడు ఉంచుతారు. పై పొర పూడుకుపోతే దాన్ని తీసేస్తే సరి, పాకం మళ్లీ దిగుతుంది. ఫెల్టును సబ్బుతో మాత్రం ఉతకరాదు. ఆ వాసన పాకానికి పడుతుంది.

వందల లీటర్లు కాచేవారు వడపోత ప్రెస్సు కొంటారు. డయాటమ్ మట్టి కలిపిన పాకాన్ని, పలకల మధ్య బిగించిన కాగితాల గుండా పంపుతో నెడతారు. ఏకకణ శైవలాల సిలికా పెంకులే ఆ మట్టి! ఈతకొలనులకు వాడే రకం ఇందుకు పనికిరాదు. ఆహారానికి తగినదే కావాలి. కొద్దిపాటి పాకానికి ప్రెస్సు దండగనే నేనంటాను. పలకల్లో నిలిచిపోయేదే బోలెడు.

వడగట్టిన పాకాన్ని మళ్లీ మరిగిస్తే? ఇసుక మళ్లీ పుడుతుంది. అందుకే సుమారు 85 డిగ్రీల సెల్సియస్ వరకే వేడిచేసి సీసాల్లో నింపుతారు.