ఫొటోలో మన ముఖం: కంప్యూటర్లో వెలుగు, రంగుల దిద్దుబాటు



హాస్టల్ వార్షికోత్సవం అంటే గ్రూప్ ఫొటో ఉండి తీరుతుంది. ఏలూరులో అయినా, తాడేపల్లిగూడెంలో అయినా ఆ ఫొటోలన్నీ ఒక్కలాగే ఉంటాయి. తెల్ల చొక్కాలు మెరిసిపోతుంటాయి. ముఖాలు మాత్రం చీకట్లో కలిసిపోయి, ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమవుతుంది. "మనం నల్లగా ఉన్నాం కాబట్టి ఫొటోలో పడలేదు" అని మనలో మనమే నవ్వుకొని ఊరుకుంటాం. కానీ తేడా వచ్చింది మన రంగులో కాదు, వెలుతురును కొలవడంలో. దానిని కంప్యూటర్లో ఎలా సరిచేసుకోవచ్చో మాకు తెలిసినంతవరకు ఈ వ్యాసంలో వివరిస్తాము.

కెమెరా ఎందుకు పొరబడుతుంది?

కెమెరా తన ముందున్న వెలుగంతా కలిపి సగటు చూసుకొని, దానిని మధ్యరకం బూడిద రంగుకు తేవాలని ప్రయత్నిస్తుంది. యాభై తెల్ల చొక్కాలు ఎదురుగా ఉంటే "వెలుగు ఎక్కువైంది" అనుకొని తగ్గిస్తుంది. దాంతో ముఖాలు ఇంకా చీకటవుతాయి.

దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. అమెరికాలోని కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఫొటో ల్యాబులకు ఒక నమూనా ఫొటో పంపేది. అందులో ఒక తెల్లజాతి యువతి ఉండేది. ఆమె చర్మం రంగు సరిగ్గా వస్తే మిషను సరిగ్గా ఉన్నట్టు లెక్క. మొదటి యువతి పేరు మీదుగా దానిని షర్లీ కార్డు అనేవారు. ముదురు చర్మం ఛాయలు సరిగా రావడం లేదన్న మాట ఎంతోకాలం ఎవరూ పట్టించుకోలేదు. గోధుమ రంగులో తేడాలు తెలియడం లేదని చాక్లెట్ తయారీదారులు, చెక్క సామాను వ్యాపారులు కూడా ఫిర్యాదు చేశాక ఫిల్ము మెరుగుపడింది. వేర్వేరు జాతులవారు ఉన్న నమూనా కార్డు 1990లలో గానీ రాలేదు.

ఫొటో అంటే అంకెలే

కంప్యూటర్లో ఫొటో అంటే లక్షల చుక్కల గుంపు. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల కొలతలు ఉంటాయి. ఒక్కో కొలత 0 నుంచి 255 వరకు ఉంటుంది. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు.

ఈ చుక్కలను కళ్ళంలో ధాన్యం రాశుల్లా వెలుగును బట్టి పోస్తే వచ్చే బొమ్మే హిస్టోగ్రామ్. ఎడమ వైపు చీకటి చుక్కలు, కుడి వైపు వెలుగు చుక్కలు. రాశి అంతా ఎడమకు ఒరిగితే ఫొటో చీకటిగా ఉన్నట్టు. ఏ పరికరం ముట్టుకునే ముందైనా దీనిని చూడటం అలవాటు చేసుకోవాలి.

బ్రైట్‌నెస్, లెవెల్స్, కర్వ్స్

మన గ్రూప్ ఫొటోలో ముఖం 60, జుట్టు 15, చొక్కా 235, చొక్కా మడత 215 అనుకుందాం. చాలామంది మొదట బ్రైట్‌నెస్ పెంచుతారు. పాత పద్ధతి బ్రైట్‌నెస్ అన్ని చుక్కలకూ ఒకే అంకె కలుపుతుంది. 50 కలిపితే ముఖం 110 అవుతుంది, బాగానే ఉంది. కానీ జుట్టు 65 అయి బూడిద పూసినట్టు ఉంటుంది. చొక్కా, మడత రెండూ 255 దాటిపోయి అక్కడే ఆగిపోతాయి. మడత మాయమై చొక్కా తెల్ల కాగితం ముక్కలా మిగులుతుంది.

లెవెల్స్‌లో మూడు గుర్తులు ఉంటాయి. ఎడమది నలుపుకు, కుడిది తెలుపుకు, మధ్యది నడిమి ఛాయలకు. వెలిసిపోయిన ఫొటోలో చుక్కలన్నీ 60 నుంచి 200 మధ్యనే ఉంటే, ఎడమ గుర్తును 60కి, కుడి గుర్తును 200కి జరపండి. ఫొటో మొత్తం 0 నుంచి 255 వరకు సాగుతుంది. మన గ్రూప్ ఫొటోకు మాత్రం మధ్య గుర్తు చాలు. అది మామూలుగా 1.00 దగ్గర ఉంటుంది. 1.30 చేస్తే ముఖం 60 నుంచి 84కు వస్తుంది. జుట్టు 29 దగ్గరే ఆగుతుంది. చొక్కా 239, మడత 224 అవుతాయి. ముఖం తేలింది, మడతా చెడలేదు.

కర్వ్స్ ఇంకా నేర్పైన పరికరం. ఒక మూల నుంచి ఎదుటి మూలకు వాలుగా ఒక గీత ఉంటుంది. పైభాగాన ఒక చుక్క పెట్టి చొక్కాలను కదలకుండా కట్టేసి, కింది భాగాన మరో చుక్క పెట్టి కొద్దిగా పైకి లాగితే ముఖాలు ఒక్కటే వెలుగులోకి వస్తాయి. ఎక్కువ లాగితే మాత్రం చీకటి భాగాల్లో ఇసుక చల్లినట్టు మరకలు తేలుతాయి.

రంగుల సంగతి

ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటో పచ్చగా, బల్బు కింద తీసినది పసుపుగా వస్తుంది. కలర్ బ్యాలెన్స్‌లో రంగులు జంటలుగా ఉంటాయి. ఎరుపుకు ఎదురు సయాన్, ఆకుపచ్చకు ఎదురు మెజెంటా, నీలానికి ఎదురు పసుపు. ఏ రంగు ఎక్కువైతే దాని జంట వైపు జరపాలి. ఆల్బమ్‌లో దాచిన పాత రంగుల ఫొటోలు చాలావరకు ఎర్రబడటానికి కారణం, అందులోని సయాన్ రంగు ముందుగా వెలిసిపోవడమే. వాటిని సయాన్ వైపు జరిపితే కోలుకుంటాయి.

లెవెల్స్‌లో బూడిద రంగు డ్రాపర్ కూడా ఉంటుంది. ఏ రంగూ లేని వస్తువు మీద దానితో నొక్కితే ఫొటో అంతా సర్దుకుంటుంది. అయితే మన యూనిఫాం చొక్కా మీద నొక్కకండి. నీలిమందు పెట్టి ఉతికిన చొక్కా తెల్లగా కనిపించినా అందులో నీలం ఉంటుంది. దానిని రంగు లేనిదిగా లెక్కవేస్తే ముఖాలన్నీ పసుపెక్కుతాయి. సిమెంటు గచ్చు నయం.

కొల్లేటి పాఠం

కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులను ఫొటో తీసేవారికి మన సమస్య తిరగబడుతుంది. మిట్టమధ్యాహ్నం తెల్లని ఈకలు 255 దగ్గర మాడిపోతాయి. చీకటిని కొంతవరకు పైకి తేవచ్చు గానీ, మాడిన తెలుపులోంచి ఈకను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకే ఉదయపు ఎండలో, వెలుగు కాస్త తగ్గించి తీయడం మేలు.

ఇక సాచురేషన్ పెంచితే గుర్రపు డెక్క చిలకపచ్చగా, నీళ్ళు నీలంగా మెరుస్తాయి. చూడటానికి బాగుంటుంది గానీ అది కొల్లేరు కాదు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు ఈ రోజు ఎలా ఉందో చెప్పవలసిన ఫొటో అబద్ధం చెబుతుంది.

ముఖం విషయంలోనూ అంతే. పాస్‌పోర్టు ఫొటోకు వెళితే అడగకుండానే తెల్లగా చేసి ఇచ్చే స్టూడియోలున్నాయి. ఫోన్లలో బ్యూటీ ఫిల్టర్లూ అదే పని చేస్తున్నాయి. కళ్ళు, ముక్కు, నవ్వు స్పష్టంగా కనబడేలా వెలుగు సరిచేయడం వేరు, చర్మం రంగే మార్చేయడం వేరు. మొదటిది ఉన్నదాన్ని చూపిస్తుంది, రెండోది ఉన్నదాన్ని చెరిపేస్తుంది.

మాలో చాలామందిమి ఇంటికి మొదటి డిగ్రీ వాళ్ళం. మా ఇళ్ళల్లో తాతయ్య ఫొటో అంటే రేషన్ కార్డు నుంచో, ఓటరు కార్డు నుంచో పెద్దది చేయించినదే. చదువు రాని మా అమ్మానాన్నలకు మా కాన్వొకేషన్ ఫొటోయే పట్టా. అందులో వాళ్ళు తమ బిడ్డనే చూడాలి, తెల్లటి పరాయి మనిషిని కాదు.

ఈ పరికరాలన్నీ 1990లో వచ్చిన ఫొటోషాప్‌లోనే కాక, ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఉన్నాయి. గింప్‌ను మొదలుపెట్టినవారు ఇద్దరు అమెరికా విద్యార్థులు, 1996లో అందరికీ ఇచ్చారు. అసలు ఫొటోను అలాగే ఉంచి, నకలు మీదనే పని చేయండి.

ఈ ఏడాది గ్రూప్ ఫొటో చేతికి రాగానే ఒక తమ్ముడో, చెల్లెలో కంప్యూటర్ ముందు కూర్చొని, వెనుక వరుసలో చివర నిలబడిన వారి ముఖం కూడా కనబడేలా చేస్తే మా శ్రమ ఫలించినట్టే. అందరికీ శుభం.