అడగకుండానే వచ్చిన ప్రతిపాదన: దానిని తూచే విధానం

మార్కెట్టు కట్టాలన్నా, చెత్త శుద్ధి కేంద్రం నెలకొల్పాలన్నా ప్రభుత్వం ముందుగా అవసరాన్ని నిర్ణయించి, వ్యయాన్ని అంచనా వేసి, ఆ తరువాత టెండరు పిలుస్తుంది. కర్ణాటకలో 1999 నాటి సార్వజనిక సేకరణల పారదర్శకత చట్టం ఈ క్రమాన్నే నియమంగా నిలిపింది. మినహాయింపులు ఆ చట్టం అనుమతించిన మేరకే. కొన్ని సందర్భాలలో ఈ క్రమం తలకిందులవుతుంది. ఎవరూ కోరకుండానే ఒక ప్రైవేటు సంస్థ ముందుకు వచ్చి, ఫలానా చోట ఫలానా నిర్మాణం అవసరమనీ, పెట్టుబడి తానే పెట్టి కొన్నేళ్లపాటు రుసుము వసూలు చేసుకుంటాననీ ప్రభుత్వానికి పత్రం సమర్పిస్తుంది. దీనినే స్వచ్ఛంద ప్రతిపాదన అంటారు.

ఇటువంటి ప్రతిపాదనలన్నీ అనుమానించదగినవి కావు. అధికారులకు తట్టని మంచి ఆలోచన బయటి నుండి రావచ్చు. చిక్కు వేరొకచోట ఉంది. అవసరం ఏమిటో నిర్ణయించినవారే ధరను కూడా నిర్ణయిస్తున్నారు. లెక్కలన్నీ వారి చేతిలోనే ఉంటాయి. అందువలన పరిశీలించే అధికారి మొదట అడుగవలసిన ప్రశ్న ధర గురించి కాదు. ఆ సంస్థ రాకపోయి ఉంటే ఈ నిర్మాణాన్ని ఊరు కోరుకొని ఉండేదా అన్నదే తొలి ప్రశ్న. రాబడి తగ్గితే నష్టం ఎవరిది, భూమి ఎవరి పేర ఉంటుంది, గడువు ముగిశాక ఆస్తి ఎవరికి చెందుతుంది అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు.

ప్రతిపాదన ప్రయోజనకరమని తేలినా దానిని నేరుగా ఆ సంస్థకు అప్పగించరాదు. ఇందుకోసం ఏర్పడినదే 'స్విస్ ఛాలెంజ్' పద్ధతి. వాహనాల నిలుపుదల కేంద్రం ఒకటి కడతామని వచ్చిన సంస్థ, వసూలయ్యే ప్రతి 100 రూపాయలలో 10 రూపాయలు నగర పాలికెకు ఇస్తానన్నదనుకుందాం. పాలికె ఆ ప్రతిపాదనను ప్రకటించి, అంతకంటె మేలైనది ఇవ్వగలవారిని ఆహ్వానిస్తుంది. వేరొకరు 12 రూపాయలు ఇస్తామంటే, తొలి సంస్థకు ఆ 12 రూపాయలకు సరితూగే అవకాశం ఒకసారి లభిస్తుంది. అది కాదంటే పని రెండవవారికి దక్కుతుంది. చివరి మాట తొలి సంస్థదేనని తెలిసినప్పుడు, సొంత ఖర్చుతో లెక్కలు కట్టి పోటీకి దిగేవారు తక్కువగానే ఉంటారు. ఈ పద్ధతిలోని అసలు లోపం ఇదే. చిలీ వంటి దేశాలు సరితూగే హక్కుకు బదులుగా, తొలి ప్రతిపాదకునికి మూల్యాంకనంలో కొంత అదనపు విలువను కేటాయించే మార్గాన్ని అనుసరించాయి.

తెలుగువారికి చిరపరిచితమైన ఉదాహరణ అమరావతి. అక్కడ 1,691 ఎకరాలలో అంకుర ప్రాంతాన్ని అభివృద్ధి చేసేందుకు సింగపూరుకు చెందిన అసెండాస్, సెంబ్‌కార్ప్ సంస్థల కూటమి ప్రతిపాదించింది. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ మౌలిక వసతుల చట్టం కింద ప్రభుత్వం స్విస్ ఛాలెంజ్ ప్రకటన ఇచ్చింది. 2016 సెప్టెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆ ప్రక్రియను నిలిపివేసింది. తొలి ప్రతిపాదకుడు ప్రభుత్వానికి ఎంత ఆదాయ వాటా ఇవ్వజూపాడో పోటీదారులకు వెల్లడించకపోవడం ఆ వివాదంలో ముఖ్యాంశం. ఎంత మించాలో తెలియనివాడు మించడం ఎట్లు? తరువాత ప్రభుత్వం చట్టాన్ని సవరించి కొత్త ప్రకటన ఇచ్చింది. కూటమికి 58 శాతం, ప్రభుత్వ సంస్థకు 42 శాతం వాటాలతో 2017 మే నెలలో ఒప్పందం ఖరారై శంకుస్థాపన జరిగింది. 2019 నవంబరులో, ప్రభుత్వం మారిన పిమ్మట, ఆ పథకం రద్దయింది.

మహారాష్ట్రకు చెందిన ఒక గృహనిర్మాణ వ్యాజ్యంలో 2009లోనే సుప్రీంకోర్టు ఈ పద్ధతి చెల్లుతుందని పేర్కొంటూ కొన్ని షరతులు సూచించింది. ఏ రకపు పనులకు ఈ పద్ధతి వర్తిస్తుందో ముందే ప్రకటించాలి. కాలపరిమితులు నిర్దేశించాలి. అందరికీ సమానమైన, చాలినంత అవకాశం ఇవ్వాలి. 2015లో విజయ్ కేల్కర్ అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర కమిటీ మరింత కఠినంగా, ఇటువంటి ప్రతిపాదనలను ప్రోత్సహించరాదనే అభిప్రాయపడింది. సమాచారం ఒకే పక్షం వద్ద ఉండిపోవడమే ఆ కమిటీ చూపిన ప్రధాన కారణాలలో ఒకటి.

ఆదోని, రాయదుర్గం ప్రాంతాల నుండి బళ్లారికి వచ్చినవారికి (1953 వరకు ఆ ఊళ్లూ ఈ జిల్లాలోనివే) ఇది దూరపు విషయం కాదు. పార్కింగు రుసుమైనా, మార్కెట్టు అంగడి అద్దె అయినా చివరకు చెల్లించేది వాడుకొనేవారే. తమ వార్డులో ఇటువంటి పథకం గురించి విన్న పౌరులు సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చును. తొలి ప్రతిపాదన ఏ తేదీన అందినది, దానిని ఎవరు మూల్యాంకనం చేశారు, పోటీకి ఎన్ని రోజుల గడువు ఇచ్చారు అని అడగడం మేలు. సాధారణంగా 30 రోజులలో సమాధానం రావాలి. వాణిజ్య రహస్యమన్న కారణంతో కొన్ని వివరాలు నిరాకరించే వీలు చట్టంలో ఉన్నది. విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నచోట వాటినీ వెల్లడించవలసి ఉంటుంది.

దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ, లేదా స్థానిక అధికార భాష అయిన కన్నడంలో ఉండాలి. తెలుగులో వ్రాసినదానిని స్వీకరించాలన్న నిబంధన లేదు. కర్ణాటక నియమాల ప్రకారం అది ఒకే విషయానికి సంబంధించినదై, సాధారణంగా 150 పదాలకు మించకూడదు. వ్రాతపూర్వకంగా కోరలేనివారు నోటిమాటగా చెబితే, దానిని వ్రాతలో పెట్టేందుకు సమాచార అధికారి తగిన సహాయం చేయాలని చట్టంలోని 6వ సెక్షను నిర్దేశిస్తున్నది.