త్రాడును పామును



మునిమాపువేళ పెరటిలో పడియున్న చేదత్రాటిని పామనుకొని వెనుకంజవేయని గృహిణి మనలో నెవరైన గలరా? గుండె దడదడలాడును, ఒడలు చెమర్చును, నోట కేక వెలువడును. దీపము తెచ్చి చూచిన పిమ్మట మనకే నవ్వు వచ్చును. అచట పాము లేదు. మనము పడిన భయము మాత్రము నిజమైనదే. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో ఈ రజ్జుసర్ప దృష్టాంతమునే చెప్పియున్నారు. అందలి వేదాంతవిచారమును పెద్దలకు విడిచి, సంసారమునకు పనికివచ్చు నంశమును మాత్రము గ్రహింతము. మన మనసు వస్తువున కేపేరు పెట్టునో, మన భయమును మన కోపమును ఆ పేరు ననుసరించియే పుట్టుచున్నవి.

కన్ను చూచునది యొకటి, మనసు నిర్ణయించునది మఱియొకటి. పున్నమినాడు తాటితోపు వెనుక నుదయించు చంద్రుడు పెద్దపళ్లెమంత గానవచ్చును. నడినెత్తికి చేరునప్పటికి చిన్నగిన్నె యంతయగును. చేయి చాచి చిటికెనవ్రేలి నడ్డుపెట్టి చూడుడు. రెండువేళలందును ఆ వ్రేలికొనయే బింబమును కప్పివేయును. ఏలనన ఆకసమున దాని వెడల్పు ఎప్పుడును సుమారు అర డిగ్రీయే. ఈ సంగతి యెఱిగినవారికిని మఱుసటి పున్నమినాడు చంద్రుడు పెద్దగానే తోచును. కావున ఒకసారి తెలిసికొన్నంత మాత్రమున చాలదు. ప్రతిసారియు వ్రేలు అడ్డుపెట్టి చూచుకొనవలసినదే.

సభాపర్వమునందలి మయసభను స్మరింపుడు. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని వస్త్రము లెత్తిపట్టెను. నీటిని నేలయనుకొని పడి తడిసెను. అతడు పొరపడుట యొక యెత్తు, చూచినవారు నవ్వుట యొక యెత్తు. ఆ నవ్వు అతని యెదలో నెంతటి విషము నాటెనో తరువాతి జూదమే సాక్ష్యము. కన్ను పొరపడినవారిపై నవ్వుటయు కోపించుటయు ఎంత సులభమో మేము మా యింటనే యెఱిగితిమి.

మా రెండవ కుమార్తెకు అప్పుడు 9వ యేడు. బడిలో నల్లబల్లమీది 3ను 8గా వ్రాసికొని వచ్చుచుండెను. ఇంట గడప తగిలి తూలును. వాకిట ముగ్గు త్రొక్కును. వీధిలో పినతల్లి యెదురైనను పలుకరింపక పోవును. మొదటివానికి పరాకనియు, కడపటిదానికి పొగరనియు మేము పేర్లు పెట్టితిమి. పెట్టినది మొదలు ఆ పిల్ల చేయు ప్రతిపనియు ఆ పేర్లకు సాక్ష్యమే యయ్యెను. ఒకనాడు క్రింద నుంచిన పాలగిన్నెను తన్ని పారబోసినప్పుడు పట్టజాలక చేయిచేసికొంటిమి. పిల్ల ఏడ్వలేదు. ముఖము నేలకు తగులునంతగా వంగి, పాలు ఎందాక పారినవో వెదకుచుండెను.

అది చూచి మావారు, "అమ్మాయీ, ఆ గోడమీది క్యాలెండరులో ఈనాటి తేదీ యేదో చదువుము" అనిరి. ఆమె లేచి, గోడకు జానెడు దూరమువఱకు నడచిపోయి చదివెను.

మఱునాడు నేత్రవైద్యుడు పరీక్షించి, హ్రస్వదృష్టి యని చెప్పెను. కనుగ్రుడ్డు నిడివి హెచ్చినచో దూరపు వస్తువుల ప్రతిబింబము కంటిలోపలి తెరపై పడక, దానికి ముందే యేర్పడునట. నడుమ పలుచనై అంచుల మందమైన అద్దములు దానిని తెరపైకి చేర్చును. చూపు క్రమముగా మసకబారుటచే, లోకము అందఱకును అట్లే కనబడునని బిడ్డ యనుకొనును. తనకు లోపమున్నదని తానై చెప్పజాలదు. కళ్లజోడుతో ఇల్లు చేరిన దినమున వీధి మలుపునందే నిలిచి, "అమ్మా, మన ముగ్గు ఇచటికే కనబడుచున్నది!" అని, వాకిటికి వచ్చి, దానిని తప్పించుకొని ప్రక్కగా నడచి లోనికిం బోయెను. మేము తల యెత్తలేకపోతిమి. ఆమెకు దూరపుచూపు కొఱవడినది. మాకు దగ్గఱిచూపే కొఱవడినది.

పుస్తకమును ముక్కుకడకు తెచ్చుకొని చదువు బిడ్డను, కనులు చికిలించి చూచు బిడ్డను మందలించుటకు ముందు నేత్రవైద్యునికడకు గొనిపొండు. ఇది బిడ్డలతోనే పోదు. పిలిచినను పలుకని కోడలికి గర్వమో, చెవి వినబడమియో. చెప్పినదే చెప్పు అత్తగారికి సాధింపో, మఱపో. ఆలస్యముగ వచ్చిన పనిమనిషికి సోమరితనమో, ఇంట జ్వరముతోనున్న బిడ్డయో! అడిగిన గాని తెలియదు. త్రాటిని జూచి మనము పెట్టిన కేక ఎవరిని నొప్పింపదు. మనుష్యులపై పెట్టిన కేక అట్లు కాదు. ఆనాటి దెబ్బను మే మిప్పటికిని మఱవలేదు. ఆమె మఱచెనో లేదో అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. దీపము తెచ్చుటకు పట్టునంతసేపు నోటిని, చేతిని ఆపుకొందము.