‘పవరు’ ఎవరి చేతిలో? – కువైట్‌లో సంతకం, ఆళ్లగడ్డలో భూమి

మా వాడలో ‘పవరు’ అంటే కరెంటు కాదు. కువైట్‌లో ఉన్న మనిషి తన బదులు ఇక్కడి పనులు చూడమని ఇంకొకరికి రాసిచ్చే కాగితం. పాత దస్తావేజుల్లో దీన్ని ముక్త్యారునామా అన్నారు, ఇప్పుడు జి.పి.ఎ. అంటున్నారు. ఆళ్లగడ్డ పక్క పల్లె మాది. మా మాదిగవాడ నుంచి ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి, మొగవాళ్లు డ్రైవర్లుగా పోయినారు. పోయినవాళ్లకు ఇక్కడున్న ఆస్తల్లా ఎకరమో, ఎకరన్నరో డి.కె.టి. పట్టా భూమి. తరతరాలుగా ఊరివాళ్ల చేలల్లో కూలి చేసిన మనుషుల పేరున వచ్చిన మొదటి కాగితం ఆ పట్టా. ‘పవరు’ అనే రెండో కాగితం ఆ మొదటిదాన్ని ఎట్లా మింగుతుందో చూడాలి.

మా పిన్నమ్మ సంగతే తీసుకుందాం. ఆమె కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. “నీ భూమికి బ్యాంకు లోను తెప్పిస్తాం, సంతకం పెట్టమ్మా” అని ఊరి పెద్ద రైతు ఒకాయన ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం పంపించినాడు. శుక్రవారం సెలవు పూట తెలిసినవాళ్ల రూములో పెట్టింది సంతకం. తిరిగొచ్చేసరికి భూమి ఆయన సాగులో ఉంది. అడిగితే, “నువ్వే కదా రాసిచ్చినావు” అన్నాడు. నేను అప్పుడు ఎం.ఏ. చదువుతున్నా. ఇంట్లో ఇంగ్లీషు కాగితం చదవగలిగిన మొదటి మనిషిని. చదివితే అందులో లోను మాటే లేదు. అమ్మడానికి, తనఖా పెట్టడానికి, గుత్తకు ఇవ్వడానికి సర్వాధికారాలు ఇచ్చినట్లుంది.

చట్టం దృష్టిలో ఆ కాగితానికి బలం లేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, ఏజెంటు రిజిస్ట్రేషను ఆఫీసులో దస్తావేజు దాఖలు చేయాలంటే, విదేశంలో ఉన్న మనిషి ఆ పవరును అక్కడి నోటరీ, జడ్జి, మేజిస్ట్రేటు, లేదా భారత కాన్సులర్ అధికారి లాంటి వాళ్ల ముందు సంతకం చేసి ధృవీకరించుకోవాలి. మనవాళ్లకు అందేది మన ఎంబసీయే. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలని 1899 స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ఎంబసీకి పోవాలంటే పాసుపోర్టు కావాలి, అది యజమాని బీరువాలో ఉంటుంది. యజమాని అట్లా పెట్టుకోవడాన్ని కువైట్ 2015 ఇంటిపనివాళ్ల చట్టమే నిషేధించింది. నిషేధించినంత మాత్రాన బీరువా తెరుచుకోదు కదా!

ఇక అసలు విషయం. పేదలకు అసైన్ చేసిన భూమిని అమ్మడం, తనఖా పెట్టడం, గుత్తకివ్వడం, దాని మీద ఒప్పందం రాసుకోవడం కూడా 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం (9/1977) ప్రకారం చెల్లవు. అట్లాంటి భూమిని అధికారులు స్వాధీనం చేసుకుని పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించాలని 4వ సెక్షన్. అట్లా ఇవ్వడం వీలుకాకపోతే భూమి ప్రభుత్వానికి పోతుంది. దేశంలో లేని మనిషికి ఈ మాట ఎంత ప్రమాదమో కార్యకర్తలు గుర్తించాలి. పవరుతో ‘అమ్మకం’ జరిపితే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. అయినా సాగులో ఉన్నవాడు సాగులోనే ఉంటాడు. మన ప్రాంతంలో కాగితం కన్నా గట్టు మీద నిలబడే మనిషికి బలమెక్కువ, ఆ మనిషి ఏ కులమో వేరే చెప్పనక్కర్లేదు.

2023 సవరణ ఈ లెక్క మార్చింది. 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంటుకు అసలు పట్టాదారుకు, వారసులకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. హక్కు మంచిదే. కానీ నిన్నటిదాకా చెల్లని పవరుకు రేపు ధర పలుకుతుంది. కువైట్‌కు పోయే ఫోన్లలో ఇప్పుడు ఈ మాటే ఎక్కువ.

రాసిచ్చినది రద్దు చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. రాసిచ్చినవాళ్లు చనిపోతే దానంతటదే పోతుంది (1872 కాంట్రాక్టు చట్టం, 201). అయితే రద్దు సంగతి ఏజెంటుకు తెలిసేదాకా అతని విషయంలో, బయటివాళ్లకు తెలిసేదాకా వాళ్ల విషయంలో అది అమలుకు రాదు (208). అందుకే ఏజెంటుకు పోస్టులో నోటీసు పంపాలి, రిజిస్ట్రారుకు, తహసీల్దారుకు నకళ్లు ఇవ్వాలి. డబ్బు ముట్టినట్లు రాసి, ఆస్తిలో ఏజెంటుకే సొంత లాభం కల్పించిన పవరు మాత్రం 202వ సెక్షన్ చాటున దాక్కుంటుంది. దాన్ని రద్దు చేయడం కష్టం. “రూపాయలు ముట్టినవి” అన్న వాక్యం కనపడితే సంతకం పెట్టొద్దు.

జనరల్ పవరు మనకెందుకు? ఏ పనికి మనిషి కావాలో ఆ పనికే స్పెషల్ పవరు చాలు. ఆడవాళ్లు పంపే పవరు మామూలుగా మొగుడి పేరనో అన్న పేరనో వస్తుంది. తల్లి పేరనో అక్క పేరనో ఎందుకు రాకూడదో మన సంఘాలు కూడా అడగడం లేదు.

పిన్నమ్మ అర్జీ ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె కూతురు ఇప్పుడు కువైట్‌లో ఉంది. తన ఇంటి స్థలం కోసం పవరు పంపాల్సొస్తే ఇద్దరం ఫోనులో కూర్చుని రాసినాం. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. సర్వే చేయించడం, పన్ను కట్టడం, ఆఫీసులో అర్జీ ఇవ్వడం – మూడే పనులు, ఒక ఏడాది గడువు. అమ్మడానికి అధికారం లేదని విడిగా ఒక వాక్యం. ఏజెంటు పేరు దగ్గర వాళ్లమ్మ పేరు రాసినాం. పిన్నమ్మ దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది.