మీకు తెలుసా? ఈ దేశంలో టికెట్ అడిగేవారే లేరు!

ఐరోపాలోని లగ్జెంబర్గ్‌లో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బస్సు, రైలు, ట్రామ్ దేనికీ టికెట్ కొనక్కర్లేదు. 2020 ఫిబ్రవరి 29న మొదలైన ఈ ఏర్పాటుతో, దేశమంతటా ప్రజారవాణాను ఉచితం చేసిన తొలి దేశంగా అది పేరు తెచ్చుకుంది.

● ఈ సౌకర్యం స్థానికులకే కాదు, బయటి నుంచి వచ్చిన పర్యాటకులకూ వర్తిస్తుంది. పేరు నమోదు చేసుకోవడం, కార్డు తీసుకోవడం లాంటివేమీ ఉండవు. విమానాశ్రయం నుంచి నగరంలోకి ట్రామ్‌లో రావచ్చు. ఎటెల్‌బ్రూక్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సెక్కి వియాండెన్ కోట చూసి రావచ్చు. ఒంటరిగా, తక్కువ డబ్బుతో తిరిగేవారికి ఇది కొండంత అండ.

● రాజధానిలో పెట్రుస్, అల్జెట్ నదుల లోయలుంటాయి. ఫాఫెంటాల్ లోయలో రైలు దిగి ఫ్యునిక్యులర్ ఎక్కితే, అది పట్టాల మీదే ఏటవాలుగా పాకుతూ నిమిషంలో కిర్ష్‌బర్గ్ గుట్ట మీదికి చేరుస్తుంది. అదే లోయ నుంచి పాత నగరంలోకి అద్దాల లిఫ్టు ఉంది. రెండూ ఉచితమే.

● ఉచితం చేయకముందు కూడా ప్రజారవాణా ఖర్చులో టికెట్లపై వచ్చింది పదో వంతులోపే. ఇప్పుడు దాదాపు మొత్తం పన్నుల సొమ్ముతోనే నడుస్తోంది.

గుర్తుంచుకోండి: రైల్లో ఫస్ట్‌క్లాస్‌కు, సరిహద్దు దాటాక సాగే ప్రయాణానికి టికెట్ తప్పనిసరి.