లారీకి ఎయిర్ ఫిల్టర్: మార్చేదా, కడిగేదా?

చింతూరు నుంచి మారేడుమిల్లికి ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లోడు లారీని ఊహించుకోండి. బండి చాలాసేపు చిన్న గేర్లలోనే నడుస్తుంది. అందువల్ల ప్రతి కిలోమీటరుకూ ఇంజను తిరిగే చుట్లు, తాగే డీజిలు, పీల్చే గాలి అన్నీ మైదానంలో కంటే ఎక్కువ. ముందు బండి రోడ్డు అంచు మట్టిని లేపితే వెనకబండి దాన్ని పీల్చుకోక తప్పదు. ఈ లారీకి, మురికి పట్టగానే తీసేసే కాగితపు ఫిల్టర్ మంచిదా, కడిగి నూనె పట్టించి మళ్లీ వాడుకొనే నూలు వల ఫిల్టర్ మంచిదా? ధరకంటే ముందు ఒక చిన్న లెక్క చూద్దాం.

లీటరు డీజిలు బరువు సుమారు 0.83 కిలోలు. కిలో డీజిలు పూర్తిగా మండడానికి దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. అంటే లీటరుకు 12 కిలోలు, ఘనపరిమాణంలో సుమారు 10,000 లీటర్లు. ఇది కనీస అవసరం మాత్రమే. డీజిల్ ఇంజను వాస్తవంగా ఇంతకంటే ఎక్కువే పీలుస్తుంది. వంద లీటర్ల డీజిలుకు కనీసం 1,000 ఘనపు మీటర్లు. ఒక్కో ఘనపు మీటరులో 0.1 గ్రాము ధూళి ఉందనుకుంటే, ఫిల్టర్ దగ్గరకు చేరేది 100 గ్రాములు. 99.5 శాతం ఆపే ఫిల్టర్ ఇంజనులోకి అర గ్రాము వదులుతుంది. 97 శాతం ఆపేది 3 గ్రాములు వదులుతుంది. ఆపిన శాతాలు చూస్తే తేడా స్వల్పం. లోపలికి పోయినది చూస్తే ఆరు రెట్లు! విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే.

ఆ మూడు గ్రాములు ఏమి చేస్తాయో తెలియాలంటే ఈ కొండల రాయిని గురించి చెప్పుకోవాలి. తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే ఖొండలైట్ శిలకు, ఖోండు గిరిజనుల పేరు మీదుగా, 1902లో టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టాడు. అందులో క్వార్ట్జ్, గార్నెట్ ఖనిజాలుంటాయి. మోస్ కాఠిన్య మానంపై క్వార్ట్జ్ 7. గార్నెట్ కూడా ఇంచుమించు అంతే. సిలిండర్ లైనరు పోత ఇనుము వీటికంటే మెత్తన. కొద్ది మైక్రాన్ల కణాలు నూనె పొరలో చేరి పిస్టన్ రింగులకూ లైనరుకూ మధ్య గరుకు కాగితంలా పనిచేస్తాయి. బండి ఆయిల్ తినడం మొదలవుతుంది. మెకానిక్కు ‘బోరుకొచ్చింది’ అంటాడు. ఒక్క బండి మీద బతికే యజమానికి అది నెలల సంపాదన.

మడతల కాగితపు ఫిల్టర్ సాధారణంగా 99 శాతానికి పైగా ధూళిని ఆపుతుంది. పైన సన్నని ధూళి పొర పట్టాక ఇంకా బాగా ఆపుతుంది. అయితే గాలికి అడ్డు పెరుగుతుంది. నూలు ఫిల్టర్‌లో గాలికి అడ్డు తక్కువ, కాని సన్నని ధూళిని కాగితమంత బాగా ఆపదు. కడిగాక పూర్తిగా ఆరాలి. మారేడుమిల్లి వానాకాలంలో అది ఎప్పటికి ఆరుతుందో ఆ ఊరివారినే అడగండి! నూనె ఎక్కువైతే, గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సార్ ఉన్న బండ్లలో దానిమీద పేరుకొంటుంది. తక్కువైతే ధూళి లోపలికి పోతుంది.

నా అభిప్రాయంలో ఘాట్ లారీకి కాగితపు ఫిల్టరే తగినది. లోపల రెండో రక్షణ ఫిల్టర్ కూడా ఉంటే మరీ మంచిది. అయితే మన రోడ్ల పక్కన ఎక్కువగా కనిపించేది మూడో పద్ధతి: పారేయవలసిన కాగితపు ఫిల్టర్‌నే నేలకేసి కొట్టి, కంప్రెసర్‌తో గాలి కొట్టించి, మళ్లీ మళ్లీ వాడటం. గట్టి గాలికి కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. నేలకు కొడితే అంచు రబ్బరు వంగి సందు ఏర్పడుతుంది. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. ఆ స్థితిలో, సరిగా కడిగి నూనె పట్టించిన నూలు ఫిల్టరే నయం.

ఎప్పుడు మార్చాలనేది కిలోమీటర్లను బట్టి మాత్రమే నిర్ణయిస్తే ఘాట్ బండికి సరిపోదని మొదటి పేరాతోనే మీకు అర్థమై ఉంటుంది. గాలికి అడ్డు ఎంత పెరిగిందో చూపే సూచిక చాలా లారీలకు ఉంటుంది. అది ఎరుపు చూపినప్పుడు మార్చాలి. అప్పటివరకు ఊరికే తెరిచి చూడటం కూడా మంచిది కాదు. తెరిచిన ప్రతిసారీ అంచున ఉన్న ధూళి లోపలికి రాలుతుంది.

మీరే చేయండి: పై లెక్కలో ఫిల్టర్ 99.5 శాతం ఆపుతున్నా, అంచు సందు గుండా గాలిలో 2 శాతం వడపోత లేకుండా పోతోందనుకోండి. ఇంజనులోకి చేరే ధూళి ఎన్ని గ్రాములు?