ముందు నిప్పు, తర్వాతే పెట్రోలు

బర్మింగ్‌హామ్‌లో ఐ.టి. కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. నా దగ్గర 1973 నాటి ఎం.జి.బి. స్పోర్ట్స్ కారుంది. నాలుగు సిలిండర్లు, 1798 సి.సి., రెండు ఎస్.యు. కార్బ్యురేటర్లు.

పోయిన వేసవిలో ఇంజను వేడెక్కగానే దగ్గడం మొదలుపెట్టింది. ఒకరోజు మా పాపతో వెళ్తుంటే మోటార్‌వే మీదే ఆగిపోయింది. పాప హడలిపోయి, ఇక ఈ కారెక్కనంది. స్పార్క్ ప్లగ్గులు మసిబారి ఉన్నాయి. పెట్రోలు ఎక్కువవుతోందనుకుని కార్బ్యురేటర్లు విప్పి కొత్త సామాను వేశాను. డబ్బూ పోయింది, దగ్గూ పోలేదు!

అప్పుడు ఆఫీసులో బగ్గులు వెతికే పద్ధతే పట్టాను: ఒకసారికి ఒక్కటే మార్చాలి, ప్రతిదీ రాసుకోవాలి. ముందు కంప్రెషన్ చూడాలి. పక్కపక్క సిలిండర్లు రెండింటిలో తగ్గితే హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. తర్వాత డిస్ట్రిబ్యూటర్లో పాయింట్ల గ్యాప్, కండెన్సరు, టైమింగు. కార్బ్యురేటర్ల వంతు ఆఖరిది. ఎందుకంటే నిప్పురవ్వ సరిగ్గా పడకపోయినా పెట్రోలు కాలక ప్లగ్గుకి మసి పట్టొచ్చు. నేను పొరబడింది అక్కడేనండీ.

చివరికి దొరికిన దొంగ బొటనవేలంత కండెన్సరు! చల్లగా ఉంటే పనిచేసేది, వేడెక్కితే మొరాయించేది. అది మార్చి, నెలరోజులు ఒంటరిగా నడిపి చూశాకే పాపని పిలిచాను. మొన్న ఆదివారం ఎక్కిందండీ.